పందుల మేతలో యాంటీబయోటిక్స్ – వాటికి బదులు ఏమి పెట్టవచ్చు?

మీ ఇంటి రోగికి మూత్రపరీక్షో, పుండు నుండి తీసిన చీము పరీక్షో చేయించినప్పుడు రెండు మూడు రోజుల తరువాత 'కల్చర్ రిపోర్టు' అని ఒక కాగితం చేతికి వస్తుంది. అందులో వరుసగా మందుల పేర్లు, ఒక్కొక్క పేరుకు ఎదురుగా ఒక అక్షరం ఉంటాయి. 'ఎస్' అని ఉంటే ఆ మందుకు క్రిమి లొంగుతుంది. 'ఆర్' అని ఉంటే లొంగదు. కొందరి కాగితంలో పై నుండి కింది వరకు 'ఆర్'లే కనబడతాయి. "మావాడు ఎప్పుడూ ఇన్ని మందులు వాడలేదు కదా డాక్టరుగారూ, మరి ఇదెలా వచ్చింది?" అని బంధువులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబులో పెద్ద భాగం మనుషులు మందులు వాడే తీరులో ఉంది. మిగిలిన కొంత కోళ్ల ఫారాల్లో, రొయ్యల చెరువుల్లో, పందుల దొడ్లలో ఉంది. ఈ పాఠంలో పందుల సంగతి మాత్రమే చూద్దాం.

మేతలోకి మందు ఎలా చేరింది?

భీమవరంలో పుట్టిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు అధిపతిగా ఉన్న కాలంలోనే, అక్కడ బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్‌ను కనుగొన్నారు. 1948లో దాన్ని లోకానికి ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆ తరువాత కొద్దికాలానికే అదే సంస్థలో జ్యూక్స్, స్టోక్‌స్టాడ్ అనే శాస్త్రజ్ఞులు, ఆ మందు తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లల మేతలో కలిపితే అవి త్వరగా బరువెక్కడం గమనించారు. పందిపిల్లల్లోనూ అదే కనిపించింది. ప్రాణం నిలపడానికి పుట్టిన మందు ఆ విధంగా బరువు పెంచే దినుసుగా దాణా బస్తాలోకి చేరింది.

చిక్కు ఏమిటంటే, మేతలో కలిపే మోతాదు చాలా తక్కువ, అది కూడా రోజూ. బలహీనమైన క్రిములు చస్తాయి, తట్టుకున్నవి మిగిలి వాటి సంతతే పెరుగుతుంది. పైగా క్రిములు ఈ తట్టుకునే గుణాన్ని పక్క జాతి క్రిములకు కూడా అందించగలవు. 1994లో డెన్మార్క్‌లో మనుషుల వైద్యానికి వాడిన వాంకోమైసిన్ 24 కిలోలు. అదే కుటుంబానికి చెందిన అవోపార్సిన్ పశువుల మేతలో వాడింది 24,000 కిలోలు. ఆ లెక్క చూశాక ఆ దేశం 1995లో అవోపార్సిన్‌ను నిషేధించింది. ఐరోపా సమాఖ్య అంతటా 2006 జనవరి నుండి బరువు కోసం ఏ యాంటీబయోటిక్‌నూ మేతలో కలపరాదు.

2015లో చైనా శాస్త్రజ్ఞులు పందుల్లో, పందిమాంసంలో, ఆస్పత్రి రోగుల్లో కూడా ఒకే జన్యువును కనుగొన్నారు. అది క్రిమికి కొలిస్టిన్‌ను తట్టుకునే శక్తి ఇస్తుంది. కొలిస్టిన్ అంటే మిగతావన్నీ పనిచేయనప్పుడు ఐ.సి.యు.లో చివరగా ఎక్కించే మందు. మన ప్రభుత్వం 2019 జూలైలో ఆహారానికి పెంచే జంతువుల కోసం కొలిస్టిన్ తయారీని, అమ్మకాన్ని నిషేధించింది.

మందు లేకుండా పందిపిల్ల బతికేదెలా?

పందిపిల్లకు గండం పాలు మాన్పించిన తరువాతి రెండు వారాలు. తల్లి పాలలోని రక్షణ ఒక్కసారిగా ఆగిపోతుంది. దాని కడుపులో ఇంకా తగినంత ఆమ్లం ఊరదు. కొత్త దాణా అరగక పేగుల్లోకి దిగి క్రిములకు మేత అవుతుంది, పారుడు పట్టుకుంటుంది. యాంటీబయోటిక్ పొడి కొనేది ఎక్కువగా ఇక్కడే. కాబట్టి ఈ రెండు వారాలను దాటించే ఉపాయం చూడాలి.

మొదటి ఉపాయానికి ఖర్చే లేదు. పుట్టిన కొద్ది గంటల్లోనే ముర్రుపాలు తాగించడం, పాలు తొందరపడి మాన్పించకపోవడం. పెద్ద ఫారాల్లో మూడు నాలుగు వారాలకే మాన్పిస్తారు. ఆరు నుండి ఎనిమిది వారాలు తల్లి దగ్గర ఉంచితే పిల్ల గట్టిపడుతుంది. ఈలోగా దాణా కొద్దికొద్దిగా అలవాటు చేయాలి.

రెండవది పులిసిన మేత. మన ఉత్తరాంధ్ర ఇళ్లలో తరవాణి కుండ తెలియనివారు ఉండరు. తవుడు, నూకలు, రెండున్నర మూడింతల నీటితో కలిపి, ముందురోజు పులిసిన జావ కొంచెం తోడు వేసి ఒక రోజు ఉంచితే అదే జరుగుతుంది. పెరుగులో ఉండే జాతి క్రిములే పెరిగి లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయి. ఆ పులుపులో విరేచనాలు కలిగించే క్రిములు పెరగలేవు. పిల్ల కడుపులో లోటుగా ఉన్న ఆమ్లం మేతతోనే అందుతుంది. డెన్మార్క్ ఫారాల్లో పెద్ద తొట్లలో చేసేది కూడా ఇదే సూత్రం. బూజు పట్టినా, పులుపు వాసన కాకుండా కుళ్లు వాసన వచ్చినా పారబోయాలి.

హోటల్ మిగులు పెట్టేవారు దాన్ని ముందుగా బాగా మరిగించి, చల్లార్చి పెట్టాలి. 2020లో మన దేశంలోకి వచ్చిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ ఉడకని పందిమాంసపు ముక్కల ద్వారా కూడా వ్యాపిస్తుంది. మనుషులకు అది సోకదు గాని దొడ్డి మొత్తం ఖాళీ చేస్తుంది, దానికి మందూ లేదు. ఆ మిగులులో ఉప్పు ఎక్కువ గనుక తాగే నీరు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

సింహాచలం కొండ అనాసపండ్లకు పేరు. అనాస కాండంలో ఉండే బ్రోమెలైన్ అనే పదార్థం, విరేచనాల క్రిమి పందిపిల్ల పేగు గోడకు అంటుకోకుండా ఆపుతుందని 1990లలో పరిశోధకులు చూపించారు. అయితే వారు వాడింది శుద్ధి చేసిన సారం. బుట్టెడు అనాస తొక్కలు పడేస్తే అదే ఫలితం వస్తుందని అనుకోవద్దు. వెల్లుల్లి, పసుపు, వేప సంగతీ అంతే. కొన్ని ప్రయోగాల్లో మేలు కనిపించింది, కొన్నింటిలో లేదు. పొడి నేల, వెచ్చని పడక, తక్కువ గుంపు లేని దొడ్డిలో ఏ ఆకూ పనిచేయదు.

డెన్మార్క్‌లో కూడా మేతమందు ఆపిన కొత్తలో పిల్లల్లో పారుడు పెరిగింది, వైద్యానికి వాడే మందులు కొంతకాలం ఎక్కువయ్యాయి. తరువాత మేత, దొడ్డి సరిచేసుకున్నారు. పందిమాంసం ఉత్పత్తి పడిపోలేదు.

ఇక్కడ ఒక తేడా గమనించండి. ఇవన్నీ రోగం రాకముందు చేసేవి. పంది నిజంగా జబ్బుపడితే పశువైద్యునికి చూపించి, ఆయన చెప్పిన మందు చెప్పినన్ని రోజులు వాడాలి. మందు ఆపిన తరువాత ఎన్ని రోజులకు కోయవచ్చో కూడా ఆయననే అడగాలి. మీ రోగికి రాసిన యాంటీబయోటిక్‌కు బదులుగా తరవాణి గాని పసుపు గాని వాడవద్దు.

మాంసం వండేవారు లోపల గులాబి రంగు పోయే వరకు ఉడికించండి. మందుకు లొంగని క్రిమి కూడా ఆ వేడికి చస్తుంది. పచ్చిమాంసం కోసిన కత్తిపీటతో కడగకుండా కూరగాయలు తరగవద్దు. పందులు పెంచే ఇంటివారు రోగికి తోడుగా వచ్చేటప్పుడు స్నానం చేసి, దొడ్డిలో వేసుకున్న బట్టలు, చెప్పులు మార్చుకుని రండి. రోగిని చేర్చేటప్పుడే పందుల పెంపకం సంగతి డాక్టరుకు చెప్పండి. వాటికి వాడిన మందు పొడి ప్యాకెట్టు ఇంట్లో ఉంటే అదీ తెచ్చి చూపించండి.