బొడ్డెమ్మ

భాద్రపదమున వానలు తగ్గి తంగేడు పూయుచుండగా తెలంగాణ పల్లెలలో కన్నెపిల్లలు పుట్టమన్నుకై బయలుదేరుదురు. పెతర అమావాస్యకు ముందు దినములలో వారు కొలుచు దేవత బొడ్డెమ్మ. ఆమెను చేయునది కుమ్మరి కాదు, శిల్పియు కాదు. ఇంటి ముత్తైదువలు చెప్పుచుండగా బాలికలే తమ చేతులతో చేయుదురు.

పుట్టమన్నే యేల? చెదపురుగులు నేలలోని సన్నని రేణువులను నోట దెచ్చి, లాలాజలముతో నతికి పుట్టను కట్టును. అందుచే నా మట్టిలో గులకరాళ్లు అరుదు, జిగురు మిక్కుటము. దానిని నీటితో మెత్తగా పిసికి చెక్కపీటపై అంతస్తులుగా పేర్చుదురు. అడుగున వెడల్పు, పైకి పోను పోను సన్నము. అట్లు కానిచో తడిమట్టి తన బరువునకు తానే క్రుంగిపోవును. తొందరపడి యెండలో నుంచినచో బీటలు వారును. బీట కనబడినచో తడివ్రేలితో రాచి పూడ్చుదురు. పిదప ఎఱ్ఱమన్నుతో అలికి, ముగ్గులు వేసి, పూలు పెట్టి, పైన కలశము నుంతురు.

ఈ దేవతకు ముఖము లేదు, ఆయుధములు లేవు. సాయంకాలము బాలికలు ఆమె చుట్టును తిరుగుచు పాడుదురు; ఆట ముగిసిన పిమ్మట జోలపాట పాడి నిద్రపుచ్చుదురు. లోకమునకు తల్లియైన యామె వారికి చంటిబిడ్డ!

బతుకమ్మ 2014లో తెలంగాణ రాష్ట్రపండుగ యైనది. ఆమెకు ముందు వచ్చు నీ మట్టితల్లి పేరు పట్టణపు పిల్లలలో పలువు రెఱుగరు. సిమెంటు ముంగిళ్ల నడుమ పుట్టమన్ను దొరకుటయే ప్రయాసము గదా.

చివరినాడు బొడ్డెమ్మను చెఱువునకు గొనిపోయి నీట విడుతురు. కాల్చని మట్టి గాన త్వరలోనే కరగిపోవును. బాలికలు పీటను కడిగి యింటికి తెచ్చుకొందురు.