పాడిపశువు చేపుట, ఎగచేపుట

దూడ కుడువగనే ఆవు చేపుననియు, బెదరినచో ఎగచేపుననియు ఎఱుగని రైతు లేడు. దీనికి మూలము పొదుగున గాక తలయందున్నదనిన వింతగా దోచును.

మెదడు దిగువను పీయూషగ్రంథి యను చిన్న గ్రంథి కలదు. దీనికి నాళము లేదు. తన రసమును నేరుగా రక్తముననే విడుచును. ఇట్టివి వినాళగ్రంథులు, వాని రసములు హార్మోనులు. దూడ మూతి తగిలినను, పొదుగు కడిగినను, తుదకు పాలచెంబు చప్పుడైనను, ఆక్సిటోసిన్ అను హార్మోను ఇచ్చటనుండి వెలువడి పొదుగును జేరి పాలతిత్తులను పిండును. దాని బలము కొలది నిమిషములే గనుక, చేపిన పశువును నడుమ ఆపక పితుకవలెను.

బెదరిన పశువునకు మూత్రపిండముల చెంతనున్న అధివృక్కగ్రంథులు ఎడ్రినలిన్‌ను విడుచును. అది పొదుగునకు బోవు రక్తనాళములను ముడిచి చేపును అడ్డగించును. 1941లో అమెరికాయందు ఈలీ, పీటర్సన్ అను శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షింప ఆవు వీపున పిల్లినుంచి, కాగితపుసంచులు పేల్చిరట! మన కొట్టములలో కఱ్ఱయు కేకలును చాలును.

దూడ చచ్చిన గేదెకు కొందఱు పూటపూటకు ఆక్సిటోసిన్ సూది వేయుచున్నారు. ఆ సూదిచే పాలు పుట్టవు, ఉన్నవే దిగును. అలవాటుపడిన గేదె సూదిలేనిదే చేపదు. పశువు ఆరోగ్యమునకు హాని కలుగునట్లు పాలకై సూది వేయుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టముచే నేరము కూడను. దాణా ముందుంచి, గోరువెచ్చని నీట పొదుగు కడిగి, నిత్యము ఒకే మనిషి ఒకే వేళకు పితుకుచుండిన, దూడలేని గేదెయు క్రమముగా చేపుట కలవడును.