తొలకరికి ముందు కుండీల మట్టి

రాయపూరు పరిసరములందలి కర్షకులు తమ నేలలను భాఠా, మటాసీ, డోర్సా, కన్హార్ అని నాలుగు తెగలుగా చెప్పుకొందురు: మిట్టలమీది ఎఱ్ఱని గరుసు నేల భాఠా, దాని దిగువనుండు పసుపువన్నె తేలిక నేల మటాసీ, పల్లములందలి నల్లరేగడి కన్హార్, ఈ కడపటి రెంటికిని నడిమిది డోర్సా. జూను మధ్యమున ఋతుపవనము ప్రవేశించులోపల మేడమీది మల్లె, కరివేప, వంగ కుండీలకు మన్ను మార్పదలచినవారు, తమ చేతనున్న మన్ను వీనిలో నేదియో ముందుగా నెఱుగుట మేలు. ఏలయన, కలుపవలసిన ఖనిజమును నిర్ణయించునది ఆ మన్నేకాని అంగడివాడు కాడు.

కన్హార్ పొలమున వరికిని శనగకును ప్రాణాధారమైనను, కుండీలో మాత్రము పనికిరాదు. వానలో నుబ్బి వేళ్ళకు గాలి నడ్డగించును. మే నెల యెండకు ముడుచుకొని కుండీగోడను విడువగా, పోసిన నీరు ఆ సందువెంట జాఱి, వేళ్ళను తడుపకయే అడుగు రంధ్రమున బయటపడును. సన్నని యిసుక కొంచెము కలిపినంతమాత్రమున నీ దోషము తీఱదు. మటాసీ రెండు పాళ్ళు, బాగుగా మాగిన పశువుల యెరువొక పాలు, కడిగి దుమ్ము పోగొట్టిన మహానది ముతక యిసుకగాని శనగగింజకు మించని యిటుక ముక్కలుగాని యొక పాలు కలుపుడు. తడిపి పిడికిట బిగించి విడిచిన ముద్ద వ్రేలు తాకినంతనే విరిసినచో మిశ్రమము కుదిరినట్లే.

బరువు మోయలేని మిద్దెలకు పెర్లైటు మేలైనది. అగ్నిపర్వతపు గాజురాయిని సుమారు 900 డిగ్రీల వేడికి గుఱిచేయగా, లోని తేమ ఆవిరియై అది పేలాలవలె పొంగును. దాని ధూళి ఊపిరితిత్తులకు హానికరము గనుక తడిపిన పిదపనే సంచినుండి తీయవలయును. అభ్రకపు గనులకు ప్రసిద్ధమైన నెల్లూరు జిల్లాలో దొరకు వర్మిక్యులైటు నీటిని, పొటాషును పట్టియుంచును. నారుమళ్ళకది యుత్తమము, వానకాలమున ఎడారి మొక్కలకు తగదు.

కుండీ యడుగున కంకర పఱచిన నీరు త్వరగా దిగునను నమ్మకము సత్యము కాదు. సన్నని మన్నునుండి ముతక కంకరలోనికి నీరు సులభముగా దిగదు. చెమ్మ నిలుచు పొర పైకి జరిగి వేళ్ళనే చేరును. రంధ్రముపై నొక పెంకుముక్క చాలును.

ఇక సున్నము. రాయపూరు మైదానమున సున్నపురాయి విస్తారము, గొట్టపుబావుల నీరును కఠినము. అట్టి నీరు నిత్యము పోయబడు కుండీకి మరల సున్నము వేసినచో ఇనుము వేళ్ళకందక, లేత యాకులు ఈనెలు పచ్చగానే యుండి నడుమ పసుపెక్కును. భాఠా మన్ను ఆమ్లముగా నున్నదని తేలిననాడే డోలమైటు వేయదగును. రాక్ ఫాస్ఫేటు సైతము అట్టి యామ్లపు మన్నులోనే కరగును, సున్నపు రేగడిలో వ్యర్థముగా పడియుండును. 1987లో స్థాపితమైన ఇందిరా గాంధీ కృషి విశ్వవిద్యాలయము రాయపూరుననే యున్నది. అచట మన్ను పరీక్ష చేయించుకొనక మీ కుండీలకు సున్నము వేయకుడు.