విమానం కడుపులో ఎన్ని కొలువులు!

విశాఖపట్నం బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియానికి ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం సోవియట్ యూనియన్‌లో తయారైంది. 1988లో భారత నౌకాదళంలోకి వచ్చిన ఈ రకం విమానాలు 29 ఏళ్ల పాటు సముద్రం మీద నిఘా కాసి, 2017 మార్చిలో విధుల నుంచి తప్పుకున్నాయి. వాటిలో ఒకటి ఆ ఏడాది డిసెంబరులో మ్యూజియంగా మారింది. పిల్లలతో వచ్చే కుటుంబాలు కాక్‌పిట్ దగ్గర ఫొటో దిగడానికే ఎక్కువ తొందరపడతాయి. కెరీర్ దృష్టితో చూస్తే మాత్రం ఇక్కడ కాక్‌పిట్‌ది చిన్న వాటా. పది మందికి పైగా సిబ్బందితో ఎగిరిన ఈ విమానంలో పైలట్లు ఇద్దరే.

మిగతావారి పని అర్థం కావాలంటే సోనోబాయ్‌ల దగ్గర ఆగాలి. గొట్టాల్లాంటి ఈ పరికరాలను పైనుంచి సముద్రంలోకి జారవిడిస్తే, నీటి అడుగున జలాంతర్గామి చేసే శబ్దాన్ని పట్టుకుని రేడియో ద్వారా విమానానికి పంపుతాయి. అది చేపల గుంపా, ఓడా, శత్రు జలాంతర్గామా అని తేల్చేది లోపల పరికరాల ముందు కూర్చున్నవారు. నౌకాదళంలో ఈ బాధ్యత చూసే అధికారులను ఒకప్పుడు అబ్జర్వర్లు అనేవారు, ఇప్పుడు నేవల్ ఎయిర్ ఆపరేషన్స్ ఆఫీసర్లంటున్నారు. ఇంటర్ ఎంపీసీ చదివినవారు ఎన్‌డీఏ పరీక్ష ద్వారా నౌకాదళ అధికారులు కావచ్చు. 2021 నుంచి ఈ పరీక్షను అమ్మాయిలూ రాస్తున్నారు. ఇంజినీరింగ్ పూర్తిచేసినవారికి షార్ట్ సర్వీస్ కమిషన్ మార్గం ఉంది.

ఈ విమానానికి నాలుగు ఇంజిన్లు. ఒక్కో ఇంజిన్‌కు ఒకదాని వెనక ఒకటిగా, ఎదురు దిశల్లో తిరిగే రెండు ప్రొపెల్లర్లు. ముందున్నది తిరిగినప్పుడు గాలి సుడి తిరిగి కొంత శక్తి వృథా అవుతుంది. వెనకది ఆ సుడిని సరిచేసి, ఆ శక్తిని విమానాన్ని ముందుకు నెట్టే బలంగా మారుస్తుంది. పిల్లల మొగ్గు ఎటో ఇక్కడ వాళ్ల ప్రశ్నలే చెబుతాయి. ‘రెండెందుకు?’ అని అడిగే పిల్లలకు ఏరోస్పేస్ ఇంజినీరింగ్ నచ్చవచ్చు. ‘పాడైతే ఎవరు బాగుచేస్తారు?’ అనేవారికి విమాన నిర్వహణ రంగం ఉంది. ఈ రెండూ ఒకటేననుకుని కాలేజీలో ఫీజు కట్టేసే తల్లిదండ్రులు తక్కువేమీ కాదు. ఏరోస్పేస్ బీటెక్ రూపకల్పన, పరిశోధనల వైపు తీసుకెళుతుంది. విమానానికి మరమ్మతు చేసి, ఎగరడానికి సిద్ధమని సంతకం పెట్టాలంటే పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే ఏఎంఈ (ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీర్) లైసెన్సు కావాలి. ఇంటర్‌లో భౌతిక, రసాయన, గణితశాస్త్రాలు చదివినవారు డీజీసీఏ ఆమోదం ఉన్న సంస్థలోనే ఈ శిక్షణ పొందాలి. ఇంజిన్లు, విమాన నిర్మాణం బీ1 విభాగం కిందకు, ఎలక్ట్రానిక్ వ్యవస్థలు బీ2 కిందకు వస్తాయి.

కాక్‌పిట్ మోజు తగ్గనివారు ముందు చూసుకోవలసింది ఆరోగ్యం. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 18 ఏళ్ల వయసు, 200 గంటల ఫ్లయింగ్ అనుభవం, రాత పరీక్షలతో పాటు క్లాస్-1 మెడికల్ ఫిట్‌నెస్ అవసరం. కళ్లజోడు ఉంటే దారి మూసుకుపోయినట్టు కాదు, కానీ రంగులను గుర్తించడంలో లోపం ఉంటే చిక్కే. శిక్షణకు లక్షలు ఖర్చవుతాయి కాబట్టి వైద్య పరీక్షలు ముగిశాకే ఫ్లయింగ్ స్కూలులో డబ్బు కట్టడం మేలు. రాయ్‌బరేలీ దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ప్రవేశ పరీక్ష ద్వారా విద్యార్థులను తీసుకుంటుంది. పైలట్ శిక్షణకు ఇంటర్‌లో గణితం కావాలి కాబట్టి, బైపీసీ విద్యార్థులు ఓపెన్ స్కూలు ద్వారా గణితం పూర్తిచేసి అర్హత తెచ్చుకోవచ్చు. ఎంబీబీఎస్ చేసినవారికైతే పైలట్ల ఆరోగ్యాన్ని చూసే ఏరోస్పేస్ మెడిసిన్ ఉంది. దాని ప్రధాన సంస్థ బెంగళూరులో ఉంది.

విమానాల కంటే రాకెట్ల మీద ఆసక్తి ఉన్న పిల్లలకు అంతరిక్ష ప్రదర్శనలు చూపించాలంటే హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ సెంటర్, తిరుపతి జిల్లాలో శ్రీహరికోట అందుబాటులో ఉన్నాయి. శ్రీహరికోట గ్యాలరీ నుంచి రాకెట్ ప్రయోగాలను నేరుగా చూడవచ్చు, అయితే ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. కేరళలోని తుంబాలో అంతరిక్ష మ్యూజియం ఒకప్పటి సెయింట్ మేరీ మగ్దలీన్ చర్చిలో ఉంది. భారత గడ్డ మీది నుంచి తొలి సౌండింగ్ రాకెట్ 1963 నవంబరు 21న ఎగిరింది అక్కడి నుంచే.

ఇలాంటి చోట్ల ఇస్రో రాకెట్ పీఎస్ఎల్‌వీ నమూనా ముందు నిలబడ్డ పిల్లలకు ఎత్తు కంటే దశలు చూపించడం ఉపయోగం. నాలుగు దశల్లో మొదటిది, మూడోది ఘన ఇంధనంతో, రెండోది, నాలుగోది ద్రవ ఇంధనంతో పనిచేస్తాయి. అంటే ఇందులో మెకానికల్, ఎలక్ట్రానిక్స్ వారితో పాటు రసాయనశాస్త్రం చదివినవారి చెయ్యీ ఉంది. తిరువనంతపురంలో 2007లో మొదలైన అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీలో బీటెక్ సీట్లకు జేఈఈ అడ్వాన్స్‌డ్ ప్రమాణం. ఇస్రోలో చేరడానికి అదొక్కటే తలుపు కాదు. ఇతర కాలేజీల ఇంజినీర్లు నియామక పరీక్ష రాసి శాస్త్రవేత్తలుగా చేరవచ్చు. ఫస్ట్ క్లాస్ డిప్లొమా ఉన్నవారికి టెక్నికల్ అసిస్టెంట్, పదో తరగతితో పాటు ఐటీఐ చేసిన ఫిట్టర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్లకు టెక్నీషియన్ పోస్టులు ఉంటాయి. ర్యాంకుల గోలలో ఈ మాట పిల్లల చెవిన పడటం అరుదు.

చిన్నపిల్లలకు ఒకే రోజు అన్నీ చూపించాలనుకుంటే అలసట తప్ప ఏమీ మిగలదు. ఒక యంత్రం దగ్గర అరగంట చాలు. తొమ్మిదో తరగతికి వచ్చినవారికి మ్యూజియం తర్వాతి మెట్టు యువికా. 2019లో ఇస్రో ప్రారంభించిన ఈ కార్యక్రమంలో ఎంపికైన విద్యార్థులు రెండు వారాల పాటు ఇస్రో కేంద్రంలో ఉండి శాస్త్రవేత్తల దగ్గర నేర్చుకుంటారు. ప్రయాణం, బస ఖర్చు ఇస్రోదే. ఎంపికలో ఎనిమిదో తరగతి మార్కులు, ఆన్‌లైన్ క్విజ్, సైన్స్ ఫెయిర్లలో పాల్గొనడం లెక్కలోకి వస్తాయి. పల్లెటూరి బడుల్లో చదివేవారికి అదనపు వెయిటేజీ ఉంది.