పంటిపాచిలో గులాబీ రంగు

కరీంనగర్

బిడ్డా,

ఆదిలాబాద్ నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. పంటిపాచి కొంచెం గీకి యూరియేజ్ పరీక్ష ద్రావణంలో వేస్తే పసుపు కాస్తా గులాబీ రంగుకు తిరిగిందని రాశావు. "పెద్దబాపూ, నా నోట్లో అల్సర్ క్రిమి ఉన్నట్టేనా?" అని అడిగావు.

అంతమాత్రాన ఉన్నట్టు కాదు. యూరియాను విరిచి అమ్మోనియా చేసే ఎంజైమ్, అంటే యూరియేజ్, ఆ నమూనాలో ఉందని మాత్రమే ఆ రంగు చెబుతుంది. అది ఏ క్రిమిదో చెప్పదు. మన లాలాజలంలో యూరియా ఎప్పుడూ ఉంటుంది. దాన్ని విరిచే స్ట్రెప్టోకాకస్ సాలివేరియస్, ఆక్టినోమైసెస్ వంటివి ఆరోగ్యవంతుల నోట్లోనూ కాపురం ఉంటాయి. పైగా ఆ అమ్మోనియా నోట్లోని పులుపును తగ్గించి పళ్లకు కొంత మేలే చేస్తుంది.

మరి ఎండోస్కోపీలో తీసిన కడుపు ముక్క విషయంలో ఇదే పరీక్షను ఎందుకు నమ్ముతున్నాం? కడుపులోని ఆమ్లానికి తట్టుకుని నిలిచే యూరియేజ్ క్రిములు అరుదు. నువ్వడిగిన అల్సర్ క్రిమి, హెలికోబాక్టర్ పైలోరీ, మాత్రం తన చుట్టూ అమ్మోనియా పుట్టించుకుని, ఆమ్లాన్ని దాటి, కడుపు గోడనంటి ఉండే జిగురు పొరలో చేరుతుంది. కాబట్టి నమూనా ఎక్కడిదో తెలియకుండా రంగుకు అర్థం చెప్పకు.

ఈ క్రిమి కథలో మన ల్యాబ్ వాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన ఘట్టం ఒకటుంది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ కడుపు నమూనాల నుంచి దీన్ని పెంచాలని చూస్తుంటే ఎన్నిసార్లు చేసినా ఏమీ రాలేదు. గొంతు నమూనాల అలవాటు కొద్దీ ల్యాబ్‌లో రెండు రోజులకే ప్లేట్లు పారేసేవారు. ఆ గడువు దాటితే నోటి క్రిములు కమ్ముకుని ప్లేటు పనికిరాకుండా పోతుందని వారి లెక్క. 1982లో ఈస్టర్ సెలవుల వల్ల ఒక ప్లేటు అయిదు రోజులు ఇంక్యుబేటర్‌లోనే ఉండిపోయింది. పైలోరీ పెరిగింది! నోటికి సరిపోయే నియమం కడుపుకు సరిపోలేదన్నమాట. ఆ ఇద్దరికీ 2005లో నోబెల్ వచ్చింది.

అట్లని నోటికీ కడుపుకీ లంకె లేదనుకోకు. మన హైదరాబాద్‌లోనే, దక్కన్ వైద్య కళాశాలలో డాక్టర్ హబీబుల్లా బృందం ఒకే మనిషి పాచినీ, లాలాజలాన్నీ, కడుపు ముక్కనూ జన్యువులను వెతికే పీసీఆర్‌తో పరీక్షించి 2006లో ఫలితాలు ప్రచురించింది. కడుపులో పైలోరీ ఉన్న కొందరి నోట్లోనూ దాని జన్యువుల జాడ దొరికింది. అయితే పీసీఆర్ చచ్చిన క్రిమి జన్యువునూ పట్టేస్తుంది. ప్రాణంతో ఉన్నదాన్ని పంటిపాచి నుంచి పెంచడం 1989లో కెనడాలో సాధ్యమైంది కానీ, ఇప్పటికీ అది అరుదే. నోరు దానికి స్థిరమైన ఇల్లా, వాంతితోనో త్రేన్పుతోనో పైకొచ్చి ఆగే మజిలీయా అన్న వాదం ఇంకా తెగలేదు. కడుపులోకి దారి మాత్రం నోరే. ఎక్కువమందికి ఈ క్రిమి చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ల నుంచే అంటుతుంది.

నీళ్ల సంగతీ మరవకు. అదే బృందం 2007లో, బావినీళ్లు తాగేవాళ్లలో నల్లానీళ్లు తాగేవాళ్లకన్నా ఈ క్రిమి ఎక్కువని చూపింది. ఉట్నూరు వైపు గూడేల్లో చెలిమె నీళ్లు తాగిన మనిషి కడుపుమంటతో మీ దవాఖానకు వస్తే, ఆ సంగతీ అడిగి రాసుకో.

వేపపుల్లతో తోమినా బ్రష్షుతో తోమినా కడుపులోని పైలోరీ చావదు. దానికి డాక్టరు రాసిన యాంటీబయాటిక్ మందులు, సాధారణంగా పద్నాలుగు రోజులు, ఒక్క పూటా తప్పకుండా వేసుకోవాలి. మంట తగ్గగానే ఆపేస్తే క్రిమి మందుకు లొంగకుండా తయారుకావచ్చు. మందులతోపాటు చిగుళ్ల చికిత్స కూడా చేయించుకున్నవాళ్లలో క్రిమి పోవడం, తిరిగి రాకపోవడం కొంత మెరుగని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. అందుకే పళ్ల డాక్టరూ కడుపు డాక్టరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలని నా గట్టి కోరిక.

రేపటి నుంచి యూరియేజ్ పరీక్షకు నమూనా రాగానే, ఆ మనిషి ఏ గోళీలు మింగుతున్నాడో ముందు అడుగు. ఒమిప్రజోల్ లాంటి గ్యాస్ గోళీ ఆపి రెండు వారాలు, యాంటీబయాటిక్ ఆపి నాలుగు వారాలు కాకపోతే, క్రిమి ఉన్నా రంగు మారకపోవచ్చు. ఆ మాట రిపోర్టులో రాసి డాక్టరుకు పంపు. ఇంకోసారి పాచితో చేసినప్పుడు పక్కనే ఏమీ వేయని ద్రావణం కూడా ఒకటి పెట్టి, రంగు ఎన్ని నిమిషాలకు మారిందో నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ పెద్దబాపు