డిగ్రీ, డిప్లొమా విద్యార్థికి సైబరాబాద్ క్యాలెండర్

బేగంపేట ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాలకు దగ్గర్లోని మెట్రో స్టేషన్‌లో ఎక్కితే రైలు మారకుండా రాయదుర్గంలో దిగొచ్చు. 2019 మార్చిలో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా, అదే ఏడాది నవంబరులో రాయదుర్గం దాకా మెట్రో మొదలైంది. దూరం సమస్య అప్పుడే తీరిపోయింది. అయినా నగరంలోని బీఎస్సీ, బీకామ్, బీసీఏ విద్యార్థుల్లో చాలామంది ఐటీ కారిడార్‌లో మొదటిసారి అడుగుపెట్టేది ఫైనలియర్ పరీక్షలు అయిపోయాకే. అప్పటికి చేతిలో రెజ్యూమె ఉంటుంది కానీ, అందులో రాసుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఇది తెలివి తక్కువై కాదు, ఏ నెలలో ఏం జరుగుతుందో చెప్పేవాళ్లు లేక.

పెద్ద ఇంజినీరింగ్ కాలేజీలకు కంపెనీలే నడిచి వస్తాయి. అక్కడ ప్లేస్‌మెంట్ సెల్ ఉంటుంది, సీనియర్లు ఉంటారు, తేదీలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. డిగ్రీ, పాలిటెక్నిక్ విద్యార్థికి ఆ వసతి తక్కువ. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో బంధువులున్న ఇళ్లలో కమ్యూనిటీ కాలేజీ అనే మాట వినే ఉంటారు. ఊళ్లోనే తక్కువ ఫీజుతో రెండేళ్లు చదివి, ఆ క్రెడిట్లతో యూనివర్సిటీకి మారే పద్ధతి అది. మన దేశంలో 1995లో పుదుచ్చేరిలో ఆ పేరుతో కాలేజీ వచ్చింది. తర్వాత యూజీసీ కూడా ఓ పథకం పెట్టింది. కానీ పేద, దిగువ మధ్యతరగతి పిల్లలకు చేరువలో ఉండి చదువు చెప్పే బాధ్యతను తెలుగునాట ప్రధానంగా మోస్తున్నవి ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు, పాలిటెక్నిక్‌లే. అమెరికా కాలేజీల్లో కెరీర్ ఫెయిర్, ట్రాన్స్‌ఫర్ సలహాలు, స్కాలర్‌షిప్ గడువులు విద్యార్థికి ఈమెయిల్‌లో అందుతాయి. ఇక్కడ అలా అన్నీ ఒకేచోట దొరకవు కాబట్టి ఆ పట్టిక మీరే తయారుచేసుకోవాలి.

ముందు కాలేజీలోనే వెతకండి

ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో టీఎస్‌కేసీ అని ఒక విభాగం ఉంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో జవహర్ నాలెడ్జ్ సెంటర్‌గా నడిచింది ఇదే. కమ్యూనికేషన్, ఆప్టిట్యూడ్ శిక్షణ ఇచ్చేది అక్కడే, ప్లేస్‌మెంట్ డ్రైవ్‌ల సమాచారం ముందుగా చేరేదీ అక్కడికే. పాలిటెక్నిక్‌లో ఆ బాధ్యత ట్రైనింగ్ అండ్ ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ది. ఫస్టియర్‌లోనే వెళ్లి, 'సర్, నేను ఫలానా గ్రూపు. డ్రైవ్‌లు, వర్క్‌షాపులు ఏమైనా ఉంటే చెప్పండి' అని పరిచయం చేసుకోండి. ఆ గదిలోకి ఫస్టియర్ విద్యార్థి రావడమే అరుదు కాబట్టి మీరు గుర్తుండిపోతారు. 2014లో ఏర్పడిన టాస్క్, అంటే తెలంగాణ అకాడమీ ఫర్ స్కిల్ అండ్ నాలెడ్జ్‌తో మీ కాలేజీకి ఒప్పందం ఉందో లేదో కూడా అక్కడే తెలుస్తుంది. ఉంటే వెంటనే పేరు నమోదు చేసుకోండి.

నోటీసు చదవడం కూడా నేర్చుకోవాల్సిన విషయమే. డ్రైవ్ నోటీసులో అందరి కళ్లూ ప్యాకేజీ మీదకు పోతాయి. మీరు చూడాల్సింది అర్హత వాక్యం. 'టెన్త్, ఇంటర్, డిగ్రీలో 60 శాతం, యాక్టివ్ బ్యాక్‌లాగ్స్ ఉండరాదు, ఇయర్ గ్యాప్ ఉంటే తెలపాలి, రొటేషనల్ షిఫ్టులకు సిద్ధంగా ఉండాలి' అని ఉంటుంది. ఒక్కో మాటకూ ఒక్కో బరువుంది. టెన్త్ మార్కుల్ని ఇప్పుడు మార్చలేం, కానీ బ్యాక్‌లాగ్‌ను వచ్చే సెమిస్టర్‌లోనే తీర్చేయొచ్చు. ఫైనలియర్ దాకా సబ్జెక్టు మోసుకెళ్లిన వాళ్లకు ఎంత నైపుణ్యం ఉన్నా ఆన్‌లైన్ ఫారమ్ దగ్గరే దారి మూసుకుపోతుంది. షిఫ్టుల సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. ముఖ్యంగా అమ్మాయిలు రాత్రి క్యాబ్ సౌకర్యం ఉందా అని హెచ్‌ఆర్‌ను నిస్సంకోచంగా అడగండి. అడిగినంత మాత్రాన ఉద్యోగం పోదు. ఇంకో చిన్న విషయం. టెన్త్ మెమోలో పేరు, ఆధార్‌లో పేరు, బ్యాంకు ఖాతాలో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఈ వారమే సరిచూసుకోండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, మరోచోట పొడి అక్షరంగా ఉంటే ఆఫర్ వచ్చాక పరుగులు పెట్టాల్సి వస్తుంది.

ఏ నెలలో ఏముంది

జులై, జనవరి నెలల్ని ముందుగా గుర్తుపెట్టుకోండి. స్వయం వేదికపై ఎన్‌పీటీఈఎల్ కోర్సులు ఏటా ఈ రెండు సార్లు మొదలవుతాయి. పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కావాలనుకునే వాళ్లు మాత్రం ఫీజు కట్టి పరీక్ష రాయాలి. ఐఐటీ ఆచార్యులు చెప్పే పాఠాలివి. ఒక సెమిస్టర్‌కు ఒక్క కోర్సు చాలు. ఐదు మొదలుపెట్టి ఐదూ వదిలేయడం కంటే పైథానో, డేటాబేసో, ఫైనాన్షియల్ అకౌంటింగో ఒక్కటి తీసుకుని పరీక్ష దాకా వెళ్లడమే మేలు.

ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ హడావుడి మొదలవుతుంది. 2017లో కేంద్రం ప్రారంభించిన ఈ పోటీ ఇంజినీరింగ్ వాళ్లదేనని మన డిగ్రీ విద్యార్థులు పొరబడుతుంటారు. మంత్రిత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు, కంపెనీలు తమ అసలు సమస్యలను ప్రకటిస్తాయి. ఆరుగురి జట్టు, అందులో కనీసం ఒక అమ్మాయి ఉండాలన్నది నిబంధన. విద్యార్థి నేరుగా దరఖాస్తు చేసుకోవడం కుదరదు. కాలేజీ తరఫున ఒక అధ్యాపకుడు బాధ్యుడిగా నమోదై, లోపల చిన్న పోటీ పెట్టి, ఎంపికైన జట్లను ఆయనే పంపాలి. చాలా కాలేజీలు ఇక్కడే ఆగిపోతాయి. ఎవరూ పేరు నమోదు చేయరు, దాంతో ఆ ఏడాదంతా పోతుంది. కాబట్టి జులైలోనే నలుగురు కలిసి కంప్యూటర్స్ లెక్చరర్ దగ్గరికి వెళ్లి, 'మేడమ్, ఈసారి మన కాలేజీ పేరు పంపుదాం, రాతపని మేం చేస్తాం' అని అడగండి. గెలవకపోయినా ఫర్వాలేదు. ఒక శాఖ సమస్యను చదివి, ఆరుగురు పని పంచుకుని, పరిష్కారాన్ని కొన్ని స్లైడ్లలో చెప్పగలిగితే, ఇంటర్వ్యూలో 'మీ గురించి చెప్పండి' అన్నప్పుడు ఊళ్లోని ఇంటి వివరాలతో మొదలుపెట్టాల్సిన అవసరం ఉండదు. సాఫ్ట్‌వేర్ విభాగంలో ఫైనల్‌కు చేరితే 36 గంటలు ఏకబిగిన పనిచేయాలి. ఇటీవలి సంవత్సరాల్లో ఈ ఫైనల్ డిసెంబరులో జరుగుతోంది.

ఫిబ్రవరి ప్రాంతంలో హెచ్‌ఐసీసీలో బయో ఆసియా సదస్సు ఉంటుంది. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, కెమిస్ట్రీ గ్రూపుల వాళ్లు తెలుసుకోవాల్సిన కార్యక్రమం ఇది. ప్రవేశ రుసుము గురించి ముందే విచారించండి. వెళ్లలేకపోయినా, పాల్గొనే కంపెనీల జాబితాను కూర్చుని చదవండి. జీనోమ్ వ్యాలీలో ఎవరు ఏం తయారుచేస్తున్నారో తెలుస్తుంది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ ఏటా ఆర్ అండ్ డీ షోకేస్ పేరుతో తన పరిశోధనలను బయటివాళ్లకు చూపిస్తుంది. రోబోటిక్స్, తెలుగు సహా భారతీయ భాషల సాంకేతికత, కంప్యూటర్ విజన్ మీద పనిచేస్తున్న విద్యార్థులు తమ పోస్టర్ల పక్కనే నిలబడి ఓపిగ్గా వివరిస్తారు. ప్రశ్నలు తెలుగులో అడిగినా తప్పేం లేదు.

పాలిటెక్నిక్ ఫైనలియర్ వాళ్లకు మే నెలంటే ఈసెట్. డిప్లొమా పూర్తయ్యాక నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేర్చే పరీక్ష ఇది. బీఎస్సీ మ్యాథ్స్ చదివినవాళ్లూ రాయొచ్చని చాలా డిగ్రీ కాలేజీల్లో ఎవరూ చెప్పరు. నోటిఫికేషన్ మాత్రం అంతకు రెండు మూడు నెలల ముందే వచ్చేస్తుంది.

శనివారాలను వాడుకోండి

పెద్ద సదస్సుల కంటే చిన్న మీటప్‌లే విద్యార్థికి ఎక్కువ ఉపయోగపడతాయని నా గట్టి నమ్మకం. సదస్సులో మీరు గుంపులో ఒకరు. మీటప్‌లో ముప్ఫై నలభై మందే ఉంటారు, మాట్లాడిన ఇంజినీర్ టీ తాగుతూ మీ పక్కనే నిలబడతారు. హైదరాబాద్ పైథాన్ యూజర్ గ్రూప్, గూగుల్ డెవలపర్ గ్రూప్ వంటి స్వచ్ఛంద బృందాలు ఐటీ కారిడార్ ఆఫీసుల్లో ఇలాంటి సమావేశాలు పెడుతుంటాయి. ఎక్కువగా శని, ఆదివారాల్లో, చాలావరకు ఉచితంగా. ముందే ఆన్‌లైన్‌లో పేరు ఇవ్వాలి. గేటు దగ్గర సెక్యూరిటీ గుర్తింపు కార్డు అడుగుతారు, ల్యాప్‌టాప్ ఉంటే సీరియల్ నంబరు రాసుకుంటారు, మెడలో విజిటర్ ట్యాగ్ వేస్తారు. కాలేజీ ఐడీ, ఆధార్ రెండూ దగ్గర పెట్టుకోండి. అద్దాల మేడను చూసి బెదిరి వెనక్కి వచ్చేయకండి. లోపల మాట్లాడే వాళ్లలోనూ నల్గొండ, ఖమ్మం, కర్నూలు నుంచి వచ్చినవాళ్లు ఉంటారు.

వెళ్లాక ఏం చేయాలి? 'సర్, ఏమైనా ఓపెనింగ్స్ ఉన్నాయా?' అన్న ప్రశ్నతో మొదలుపెట్టొద్దు. 'మీ టీమ్‌లో ఫ్రెషర్‌కు మొదటి నెలలో ఏ పని ఇస్తారు?' అని అడగండి. ఆ జవాబులో మీరు నేర్చుకోవాల్సిన సిలబస్ ఉంటుంది. ఇంటికొచ్చాక ఆ విషయాన్ని నోట్స్‌లో రాసుకుని, లింక్డిన్‌లో రెండు వాక్యాల ధన్యవాదాలు పంపండి. అంతవరకే. రెజ్యూమెలు కుమ్మరించొద్దు.

రాయదుర్గంలో టీ-హబ్, టీ-వర్క్స్ పక్కపక్కనే ఉన్నాయి. 2015లో ట్రిపుల్ ఐటీ ఆవరణలో మొదలైన టీ-హబ్ 2022 జూన్‌లో కొత్త భవనానికి మారింది. అది స్టార్టప్‌ల చోటు, ఉద్యోగాల మేళా కాదు. అయితే అక్కడి కార్యక్రమాల్లో విద్యార్థులకు ప్రవేశమున్నవీ ఉంటాయి. స్టార్టప్‌లో ఇంటర్న్‌షిప్ చేస్తే ఒకే మనిషి నాలుగు పనులు నేర్చుకుంటారు. డిప్లొమా మెకానికల్, ఎలక్ట్రానిక్స్ విద్యార్థులైతే 2023 మార్చిలో ప్రారంభమైన టీ-వర్క్స్‌ను తప్పక చూడాలి. త్రీడీ ప్రింటర్లు, లేజర్ కట్టర్లు, సర్క్యూట్ బోర్డులు తయారుచేసే యంత్రాలు అక్కడ ఒకే కప్పు కింద పనిచేస్తుంటాయి. కాలేజీ తరఫున ప్రిన్సిపల్ లేఖ రాసి అనుమతి అడిగితే బాగుంటుంది.

స్వేచ్ఛ సంస్థ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమంగా 2005 నుంచి పనిచేస్తున్న ఈ సంస్థ కాలేజీల్లో విద్యార్థి బృందాలను, వేసవిలో శిక్షణ శిబిరాలను నడుపుతోంది. తెలుగు కృత్రిమ మేధ కోసం పాత కథల పాఠాన్ని డిజిటల్‌గా మార్చే పనిలో విద్యార్థులు పెద్దసంఖ్యలో పాలుపంచుకున్నారు. తెలుగు బాగా వచ్చిన బీఏ విద్యార్థికి కూడా టెక్నాలజీలో చోటుందని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

డిగ్రీతోనే దొరికే దారులు

విప్రో ఏటా బీసీఏ, బీఎస్సీ పూర్తిచేసిన వారిని తీసుకుని, పనిచేస్తుండగానే ఎంటెక్ చదివించే కార్యక్రమం నడుపుతోంది. టీసీఎస్ కూడా ఇదే అర్హతతో ప్రత్యేక నియామకాలు చేస్తుంది. చేరేముందు సర్వీస్ అగ్రిమెంట్ ఎన్నేళ్లదో, మధ్యలో మానేస్తే కట్టాల్సింది ఎంతో చదివే సంతకం పెట్టండి. బీకామ్ వాళ్లు సాఫ్ట్‌వేర్ రాదని దిగులుపడక్కర్లేదు. వెల్స్ ఫార్గో, జేపీ మోర్గాన్, స్టేట్ స్ట్రీట్, హెచ్‌ఎస్‌బీసీ వంటి ఆర్థిక సంస్థలకు నగరంలో పెద్ద కార్యాలయాలున్నాయి. ఫండ్ అకౌంటింగ్, కేవైసీ తనిఖీ, రెండు చోట్ల నమోదైన లావాదేవీలు సరిపోయాయో లేదో చూసే రికన్సిలియేషన్ వంటి పనులకు కావాల్సింది అకౌంట్స్ మీద పట్టు, ఎక్సెల్, తప్పుల్లేని ఈమెయిల్. బ్యాంకింగ్, ఆర్థిక రంగంలో శిక్షణకు తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో బీఎఫ్‌ఎస్‌ఐ కార్యక్రమాన్ని ఎంపిక చేసిన కాలేజీల్లో ప్రారంభించింది. మీ కాలేజీ జాబితాలో ఉందేమో కనుక్కోండి.

డిగ్రీ, డిప్లొమా అయిపోయి ఖాళీగా ఉన్నవాళ్లు కేంద్రం నడిపే నాట్స్ పోర్టల్‌లో అప్రెంటిస్‌షిప్‌కు నమోదు చేసుకోవాలి. ఈసీఐఎల్, మిధాని, బీడీఎల్ వంటి హైదరాబాద్ సంస్థలు దీనికి నోటిఫికేషన్లు ఇస్తుంటాయి. అప్రెంటిస్‌షిప్ పూర్తయితే శాశ్వత ఉద్యోగం ఇస్తామన్న హామీ ఉండదు. స్టైపెండ్‌తో పాటు చేతికి అనుభవ పత్రం వస్తుంది.

డబ్బు అడిగితే లేచి వచ్చేయండి

మాదాపూర్‌లో అందంగా ఆఫీసు తెరిచి, శిక్షణ, ఉద్యోగం అంటూ విద్యార్థుల దగ్గర లక్షలు వసూలు చేసి, కొన్ని నెలలకు బోర్డు తిప్పేసిన ఉదంతాలు సైబరాబాద్ పోలీసుల ముందుకు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. 'బ్యాక్‌డోర్' అన్న మాట వినపడితే ఆ సంభాషణ అక్కడితో ఆపేయండి. డిపాజిట్, ల్యాప్‌టాప్ ఫీజు, ఆఫర్ లెటర్ ఛార్జీ, పేరు ఏదైనా సరే, ఉద్యోగమిచ్చే సంస్థ మీ దగ్గర డబ్బు తీసుకోదు. ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ పెట్టించే కన్సల్టెన్సీలకూ దూరంగా ఉండండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే, వచ్చిన ఉద్యోగం పోవడమే కాదు, తర్వాత వచ్చేదానికీ ఎసరు వస్తుంది. ఆన్‌లైన్‌లో మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. అమ్మానాన్నలు తిడతారని దాచుకోవద్దు.

అధ్యాపకులకు ఒక మనవి. మీ ప్లేస్‌మెంట్ సెల్‌కు వచ్చిన ప్రతి సమాచారాన్నీ కాలేజీ గేటు దగ్గర, తెలుగులో, చివరి తేదీని పెద్ద అక్షరాలతో రాసి పెట్టించండి. ఫైనలియర్ వాట్సాప్ గ్రూపుకే పరిమితం చేయకండి. విద్యార్థులారా, మీరు ఏ ఏడాదిలో ఉన్నా సరే, ఈ సోమవారం టీఎస్‌కేసీ గదికో ప్లేస్‌మెంట్ ఆఫీసర్ దగ్గరికో వెళ్లి పేరు రాయించుకోండి. వచ్చే శనివారానికి ఒక మీటప్ వెతికి పెట్టుకోండి. ఒంటరిగా వెళ్లడానికి బెరుకనిపిస్తే క్లాస్‌మేట్‌ను వెంటబెట్టుకుని వెళ్లండి.