మనసు చదివే పిల్లల వెనక నిలబడేవాళ్ళు

సుమారు పదేళ్ళ కిందట దక్షిణాది ఊళ్ళలో ‘మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్’ పేరుతో ఒక కోర్సు జోరుగా నడిచింది. వేలకు వేలు ఫీజు కట్టించుకుని, కొద్దిరోజులు శిక్షణ ఇచ్చి, చివర్లో అమ్మానాన్నల ముందు పిల్లల చేత ప్రదర్శన ఇప్పించేవాళ్ళు. కళ్ళకు నల్లటి గంతలు కట్టి రంగు అట్ట చేతికిస్తే, పిల్లవాడు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి “ఎరుపు” అనేవాడు. పుస్తకం ఇస్తే చదివేవాడు. చూసే తల్లులకు కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. మంగళూరు హేతువాది నరేంద్ర నాయక్ లాంటివాళ్ళు దీన్ని పరీక్షించి గుట్టు బయటపెట్టారు. ముక్కు పక్కన గంతకూ చెంపకూ మధ్య ఉండే సన్నటి సందులోంచి పిల్లలు కిందికి చూస్తున్నారు. ఆ సందు మూసేస్తే ఆట ఆగిపోయింది.

పోయిన డబ్బు గురించి నాకంత దిగులు లేదు. పిల్లవాడి గురించే నా బాధంతా. తను సందులోంచి చూస్తున్నానని తొమ్మిదేళ్ళవాడికి తెలుసు. నాన్న నమ్ముతున్నాడనీ తెలుసు. చుట్టాలు ఇంటికొచ్చినప్పుడల్లా “ఏదీ, ఒకసారి చూపించు నాయనా” అంటుంటే, ఆ అబద్ధాన్ని ఒంటరిగా మోయాలి. చెబితే నాన్న ముఖం ఎలా మారుతుందోనని భయం, చెప్పకపోతే రేపు మళ్ళీ గంతలు. అంత బరువు ఏ పిల్లవాడి మీదా పెట్టకూడదు.

ఇదే గంతల ఆటను కళగా నేర్పితే పిల్లలకు జరిగే మేలు ఎంతో ఉంది. మెంటలిజం అంటే ఎదుటివాళ్ళ మనసులో ఉన్నది చెప్పినట్టు, ఎవరూ గుర్తుపెట్టుకోలేనిది గుర్తుపెట్టుకున్నట్టు వేదిక మీద చూపించే విద్య. మీ పాపో బాబో స్కూలు వార్షికోత్సవంలో ఇది చేస్తానంటే కాదనకండి. ఒక్క షరతు పెట్టుకోండి. ప్రేక్షకుల దగ్గర రహస్యం ఉండవచ్చు, ఇంట్లోవాళ్ళ దగ్గర ఉండకూడదు. పిల్ల ఏం చేస్తోందో, ఎలా చేస్తోందో ఇంట్లో కనీసం ఒక్క పెద్దమనిషికైనా పూర్తిగా తెలిసి ఉండాలి.

ఈ విద్య పిల్లలకు ఏమిస్తుందో ముందు చెబుతాను. 1983లో విమ్మర్, పెర్నర్ అనే ఇద్దరు పరిశోధకులు చిన్నపిల్లలకు ఒక కథ చెప్పారు. ఒక అబ్బాయి చాక్లెట్‌ను ఒక బీరువాలో పెట్టి ఆడుకోవడానికి పోతాడు. వాడు లేనప్పుడు తల్లి దాన్ని ఇంకో బీరువాలోకి మారుస్తుంది. తిరిగొచ్చిన అబ్బాయి ఎక్కడ వెతుకుతాడు? మరీ చిన్నవాళ్ళు, ఇప్పుడు చాక్లెట్ ఎక్కడుందో అక్కడే అన్నారు. నాలుగేళ్ళు దాటుతున్నకొద్దీ, వాడు ఎక్కడ పెట్టాడని అనుకుంటున్నాడో అక్కడ అని సరిగ్గా చెప్పినవాళ్ళు పెరిగారు. నాకు తెలిసింది ఎదుటివాడికి తెలియకపోవచ్చు, వాడి తలలో ఇంకో బొమ్మ ఉంటుంది అన్న ఎరుక అది. మెంటలిజం చేసే పిల్ల ఆ ఎరుకను రోజూ సానబెడుతుంది. ఎదుటి మనిషి ఎటు చూస్తున్నాడు, ఏ మాటకు కనుబొమ్మ కదిలింది, ఇప్పుడు ఏమనుకుంటూ ఉంటాడు అని గమనిస్తుంది. మన పల్లెల్లో సోది చెప్పే ఎరుకలసాని ఎదురుగా కూర్చుని అవతలి మనిషి ముఖం చూస్తూ ఒక్కో మాట వదిలేది చూడండి, ఎంత నిశితమైన చూపో! మన ముందు ఉన్న మనిషి మీద అంత ధ్యాస పెట్టడం ఇప్పటి పిల్లలకు ఎక్కడా దొరకని శిక్షణ.

ఇక ధారణ. తెలుగువాళ్ళకు దీన్ని బయటి నుంచి అరువు తెచ్చుకోవలసిన పనిలేదు, మనకు అవధానం ఉంది. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి, దివాకర్ల తిరుపతిశాస్త్రి ఊరూరా తిరిగి జనరంజకం చేసిన విద్య అది. మన తిరుపతిలోనే మేడసాని మోహన్ గారి లాంటి అవధానులను చూశాం. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, ఒకరు అక్షరం అక్షరానికీ నిషేధం పెడతారు, ఇంకొకరు మధ్య మధ్య గంట కొడతారు, అన్నీ గుర్తుపెట్టుకుని చివర అప్పజెప్పాలి. అందులో మాయ లేదు, ఎవరి మనసులోకీ దూరడం లేదు. అయినా సభ నోరెళ్ళబెట్టి చూస్తుంది. ఆరో తరగతి పిల్ల పద్యం చెప్పలేకపోవచ్చు. గంటలు లెక్కపెట్టి చెప్పే ఘంటాగణనం చేయగలదు, వస్తువుల ధారణ చేయగలదు. అందుకే మొదటి అంశంగా ధారణనే పెట్టమంటాను. దీంట్లో పిల్ల దాచిపెట్టవలసింది ఏమీ లేదు. నిజంగా గుర్తుపెట్టుకుంటుంది, నిజంగా చెబుతుంది.

తిరుపతి పిల్లలకు దీనికి కావలసిన దారి ముందే ఉంది. అలిపిరి నడకదారిలో 3,550 మెట్లు. తాతతోనో అవ్వతోనో ఒక్కసారైనా ఎక్కని పిల్లలు మన దగ్గర అరుదు. పాదాల మండపం, తలయేరు గుండు, గాలిగోపురం, జింకల పార్కు, ఏడో మైలు ఆంజనేయస్వామి, మోకాళ్ళ పర్వతం అని ఆ వరుస వాళ్ళకు కాళ్ళతో గుర్తు. మా అక్క కూతురికి నేను నేర్పింది ఈ దారినే. సభలోవాళ్ళు ఒక్కో వస్తువు పేరు చెబుతుంటే దాన్ని ఒక్కో చోట పెట్టాలి, అదీ మామూలుగా కాదు, విడ్డూరంగా పెట్టాలి. మొదటివాళ్ళు గొడుగు అన్నారు. పాదాల మండపంలో జనం నెత్తిన పాదాలు పెట్టుకుని తిరుగుతారు కదా, వాటి బదులు తడిసిన గొడుగులు పెట్టుకుని తిరుగుతున్నట్టు చూడాలి. రెండోది కొబ్బరికాయ. తలయేరు గుండుకు తల ఆనించే చోట కొబ్బరికాయ ఆనించి పెట్టారు. మూడోది సైకిలు, గాలిగోపురం మీద నుంచి వేలాడుతోంది. నాలుగోది వాచీ, జింక ముందుకాలికి కట్టి ఉంది. ఐదోది మామిడికాయ, ఏడో మైలు దగ్గర స్వామి ముందు తోతాపురి కాయలు రాశి పోసి ఉన్నాయి. చెప్పేటప్పుడు కొండ ఎక్కాలి. వెనక నుంచి చెప్పమంటే దిగాలి. “మూడోది ఏమిటి?” అంటే నేరుగా గాలిగోపురం కింద నిలబడాలి. ప్రాచీన రోములో సిసిరో వంటి వక్తలు ఉపన్యాసాల కోసం రాసిపెట్టిన పద్ధతి కూడా ఇదే, వాళ్ళు భవనాలను వాడుకున్నారు.

రెండో అంశంగా వారగణనం, అంటే తేదీ చెబితే అది ఏ వారమో చెప్పడం. కొన్ని అవధానాల్లో ఇదీ ఉంటుంది. ఏ సంవత్సరమైనా ఏప్రిల్ 4, జూన్ 6, ఆగస్టు 8, అక్టోబరు 10, డిసెంబరు 12 ఒకే వారం పడతాయి. 2026లో అది శనివారం. ఏడుకొండలవాడి వారం కాబట్టి మన పిల్లలు మరిచిపోరు. సభలో ఒకరు 2026 జూన్ 17 అన్నారనుకోండి. 6 శనివారం, 13 శనివారం, ఇంకో నాలుగు రోజులు కలిపితే బుధవారం. మిగతా నెలలకు కూడా ఇలాంటి ఆనవాళ్ళు ఒక్కొక్కటే చేర్చుకుంటూ పోవచ్చు. లెక్కలంటే బెదిరే పిల్ల సభ ముందు నిలబడి ఇష్టంగా లెక్క చేస్తుంది.

సాధన ఇంట్లో ఎలా ఉండాలో అవధానమే చూపిస్తుంది. అవధానంలో అప్రస్తుత ప్రసంగి అని ఒకరుంటారు, సంబంధం లేని మాటలతో అవధాని ఏకాగ్రత చెడగొట్టడమే ఆయన పని. మా ఇంట్లో ఆ పీట నాన్నగారికి ఇచ్చాం. పాప కళ్ళు మూసుకుని కొండెక్కుతుంటే ఆయన మొదలుపెట్టేవారు.

“పాపా, పొద్దున చట్నీలో ఉప్పు ఎక్కువైందా, తక్కువైందా?”

“తాతా, ఉప్పు సంగతి అవ్వనడుగు. నేను జింకల పార్కు కాడుండా.”

ఆ జవాబు వచ్చిన రోజు నాకు నమ్మకం కుదిరింది. అంతకు ముందు తాత మాటకు తడబడి, ఏడుపు ముఖం పెట్టి లేచిపోయేది. సభలో ఫోన్ మోగుతుంది, ఎవరో చిన్నపిల్లాడు ఏడుస్తాడు, మైకు కీచుమంటుంది. ఇంట్లో తాత పెట్టిన ఇబ్బంది ముందు అవేవీ లెక్కలోకి రావు. వేదిక భయం పోవడానికి ధైర్యం చెప్పడం కంటే, ప్రేమగా ఇబ్బంది పెట్టే ఒక పెద్దమనిషిని ఇంట్లో పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

ఆ తర్వాత కావాలంటే గంతల ఆట. పూర్వం సంతల్లో గారడీ ఆడేవాళ్ళు పిల్లవాడి మీద దుప్పటి కప్పి, “ఈ అయ్యగారి చేతిలో ఏముంది?” అని అడిగేవాళ్ళు. పిల్లవాడు దుప్పటి కింద నుంచే చెప్పేవాడు. జవాబు ఎక్కువగా ప్రశ్నలోనే దాగి ఉంటుంది, అడిగే మాటల పొందికే సంకేతం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జాన్సిగ్ దంపతులు ఈ విద్యతోనే దేశదేశాల వేదికలు ఎక్కారు. తల్లో తండ్రో పిల్లతో కలిసి చేయడానికి దీన్ని మించిన అంశం లేదు. ఎందుకంటే ఇక్కడ సంకేతం తప్పు పంపేది పెద్దవాళ్ళే. పిల్ల గంతలు కట్టుకుని నమ్మకంగా ఎదురుచూస్తుంటుంది, మీరు ఒక్క మాట అటుఇటుగా అన్నారంటే దాని జవాబు తప్పుతుంది. బిడ్డ ముందు మీరూ చదువుకుని, అప్పజెప్పుకుని, తప్పితే “మళ్ళీ చేద్దాం తల్లీ” అనవలసి వస్తుంది. ఆ ఇంట్లో పిల్లకు తప్పంటే భయం తగ్గుతుంది.

వేదిక మీదికి ఎవరినైనా పిలిచేటప్పుడు “అక్కా, మీ పేరు చెప్తారా?” అని అడగడం, కూర్చోమనడం, చివర దండం పెట్టి పంపడం నేర్పండి. పెళ్ళి, మార్కులు, జబ్బు, పోయినవాళ్ళు, ఈ నాలుగింటి జోలికి పోనివ్వకండి. హిప్నాటిజం జోలికి అసలే వద్దు.

ప్రదర్శన అయ్యాక మీరనే మొదటి మాట చాలా ముఖ్యం. 1998లో క్లాడియా ముల్లర్, కెరల్ డ్వెక్ అయిదో తరగతి పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. పజిళ్ళు చేశాక కొందరిని “నువ్వు తెలివైనదానివి” అని, కొందరిని “బాగా కష్టపడ్డావు” అని మెచ్చుకున్నారు. తర్వాత కష్టమైన పజిళ్ళు ఇచ్చారు, అందరికీ మార్కులు తగ్గాయి. వాటిని వేరే స్కూలు పిల్లలకు రాసి పంపమన్నప్పుడు, తెలివిని మెచ్చుకున్న పిల్లల్లో మూడో వంతుకు పైగా మార్కులు పెంచి రాశారు. కష్టాన్ని మెచ్చుకున్నవారిలో అలా చేసింది చాలా తక్కువమంది. “నీలో ఏదో శక్తి ఉంది తల్లీ” అన్న మాట పిల్లను ఎక్కడికి తోస్తుందో ఇక్కడే కనబడుతోంది. శక్తి ఉందన్నాక, అది లేని రోజున నటించాలి. “ఏడోది మర్చిపోయి మళ్ళీ వెనక్కి నడిచి పట్టుకున్నావే, అది బాగుంది” అనండి, చాలు.

ప్రదర్శనలు హద్దు దాటితే ఏమవుతుందో తెలియాలంటే పక్కనున్న బెంగళూరులో శకుంతలాదేవిని చూడండి. సర్కస్‌లో పనిచేసిన తండ్రి పేకముక్కల మాయ నేర్పబోయి మూడేళ్ళ కూతురి జ్ఞాపకశక్తిని కనిపెట్టాడు. 1980లో లండన్‌లో రెండు 13 అంకెల సంఖ్యలను 28 సెకన్లలో గుణించిన మేధ ఆమెది. కానీ బాల్యమంతా ప్రదర్శనల మీదే గడిచింది, బడిచదువు సాగలేదు. అంత గొప్ప బుర్రకు కూడా బాల్యం తిరిగి రాలేదు.

మన పాత చిత్తూరు జిల్లా మదనపల్లెలో 1895లో పుట్టిన ఒక బిడ్డ కథ ఇంకా పెద్దది. 1909లో అడయారులో దివ్యజ్ఞాన సమాజపు లెడ్‌బీటర్ ఆ పిల్లవాడిని చూసి జగద్గురువు కాగలవాడన్నాడు. 1911లో అతని కోసం ఒక సంఘమే పెట్టారు, దేశదేశాల జనం ఎదురుచూశారు. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో, వేలమంది ముందు, జిడ్డు కృష్ణమూర్తి ఆ సంఘాన్ని రద్దు చేశారు. పెద్దవాళ్ళు తొడిగిన మహిమను విప్పేయడానికి ఆయనకు ఇరవై ఏళ్ళు పట్టింది. అందరు పిల్లలకూ అంత గుండె ఉండదు.

తిరుపతివాళ్ళకు వేషం కట్టడమూ తెలుసు, తీయడమూ తెలుసు. గంగజాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం అని రోజుకొకటి పిల్లలు కూడా కడతారు. వేషంలో ఉన్నంతసేపూ దానికి దక్కే మర్యాద వేరు, స్నానం చేశాక మళ్ళీ ఇంట్లో తిట్లు తినే పిల్లవాడే. మెంటలిజాన్నీ అలాగే చూడాలి. ఇంద్రజాలికుడిగా పేరు తెచ్చుకుని, వ్యక్తిత్వ వికాసం మీద ఎన్నో పుస్తకాలు రాసిన బి.వి. పట్టాభిరామ్ గారు 2025లో కన్నుమూశారు. వేదిక మీద అబ్బురపరిచిన మనిషే కిందికి దిగి మామూలుగా కబుర్లు చెప్పడం ఆయన దగ్గర తెలుగువాళ్ళు ఎన్నో ఏళ్ళు చూశారు. జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు బళ్ళలో మంత్రాల గుట్టు విప్పి చూపించే కార్యక్రమాలకు కూడా మీ పిల్లను తీసుకుపోండి. మహిమ పేరుతో మోసం ఎలా జరుగుతుందో తెలిసిన పిల్ల తన కళను మహిమగా అమ్ముకోదు.

మనది నమ్మకాల ఊరు. వేదిక దిగగానే ఎవరో ఒక పెద్దావిడ పిల్ల దగ్గరికి వస్తుంది, తప్పకుండా వస్తుంది. కళ్ళనీళ్ళతో చెయ్యి పట్టుకుని, “నా చైను పోయి నెలయింది బంగారూ, ఎవురు తీసినారో చెప్పమ్మా” అంటుంది. ఆ క్షణానికి పిల్లను ముందే సిద్ధం చేయాలి, ధారణ కంటే ఎక్కువసార్లు ఆ జవాబును పలికించాలి. మీరు పక్కనే నిలబడండి, కానీ మాట పిల్లే చెప్పాలి.

“అవ్వా, నాకు మహిమలేం లేవు. ఇది నేను నేర్చుకుని చేసే ఆట. మీ చైను ఎవురి దగ్గరుందో నాకు తెలీదు. పోలీస్ స్టేషన్లో కంప్లయింట్ ఇచ్చినారా? లేకపోతే మా మామ మీతో వస్తాడు.”